లచ్చమ్మ పెట్టని మొగ్గు

ఆదివారం పొద్దున ఏడుంబావుకు లచ్చమ్మ చేతిలో ఉన్న మాంసం కొట్టే కత్తి పిడి నుంచి ఊడింది. వరసలో నిలబడ్డ పదకొండు మంది తలల మీదుగా పోయి, సాంబమూర్తి గారి స్కూటర్ సీటులో నాలుగు అంగుళాల లోతున దిగబడింది. ఆ సమయానికి సాంబమూర్తి గారు సీటు మీద లేరు. పోయిన వారం కూరలో బొక్కలు ఎక్కువ వేశారని ఫిర్యాదు చేయడానికి అర నిమిషం ముందే దిగారు. దారిలో ఒకాయన టోపీకి చిల్లు పడింది తప్ప ఎవరికీ ఏమీ కాలేదు. వరస మాత్రం చెదరలేదు. ఎల్బీనగర్‌లో ఆదివారం మటన్ వరస వదిలినవాడికి మళ్లీ దక్కేది మెడ ముక్కలే.

లచ్చమ్మ మొద్దు దగ్గర నుంచి లేచి వచ్చింది. స్కూటర్‌కు కాలు తన్నిపెట్టి కత్తి పీకి, కొంగుతో తుడిచి, సీటు వంక కాకుండా వెనక టైరు వంక చూసింది.

"సారూ, మీరు ఎనభై నాలుగు కిలోలు ఉంటరు గదా?"

ఎట్లా తెలిసిందని అడిగారు సాంబమూర్తి గారు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో ఇరవై ఆరేళ్లు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆయన దిగంగానే టైరు రెండు వేళ్ల మందం లేచిందని, దాన్నిబట్టి చెబుతున్నానని ఆమె వివరించింది. ఆయన సీటు సంగతీ బొక్కల సంగతీ మరచిపోయి, ఫోను తీసి తెర చూపించారు. తిన్నది రాస్తే కేలరీలు లెక్కగట్టే యాప్ అందులో ఉంది. దాని ప్రకారం ఆయన డెబ్బై తొమ్మిది. రోజూ ఇలాగే గడిస్తే ఐదు వారాల్లో డెబ్బై ఆరు.

"గట్లనా" అని లచ్చమ్మ వెళ్లి పిడి బిగించుకుంది.

నలభై ఐదేళ్ల లచ్చమ్మ చండూరు పక్క పల్లె నుంచి పెళ్లయి ఇక్కడికి వచ్చింది. మొదట దుకాణం భర్త అంతయ్యది. అంతయ్యకు మేక నెత్తురు ఎంత పారినా ఫరవాలేదు కానీ, మనిషి నెత్తురు చుక్క కనబడితే కళ్లు తిరిగి పడిపోతాడు. కత్తి పని చేసేవాడి వేళ్లు తెగకుండా ఉండవు గనుక, తన వేలు తెగినప్పుడల్లా తనే పడిపోయేవాడు. మూడోసారి మొద్దు మీదే పడ్డాక కత్తి లచ్చమ్మ పుచ్చుకుంది.

ఆమె ఎడమ చేతి చిటికెన వేలికి కొస లేదు. ఒక పొట్టేలు చావబోతూ తన్నిన తన్నుకు రెండు పక్కటెముకలు విరిగి అతుక్కున్నాయి. అయినా గొంతు తెగిన జీవం మోకాళ్ల కింద గింజుకుంటుంటే ఆమె ముఖంలో పిల్లకు తల దువ్వే తల్లి ఓపికే ఉంటుంది. పొద్దెక్కేసరికి మోచేతుల దాకా ఎర్రబడి, కాళ్ల కింద నెత్తురు గడ్డకట్టి, చుట్టూ తలలు వరసగా పెట్టుకుని, వచ్చినవాళ్లను మీ పిల్లలు బాగున్నారా అని అడుగుతుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆమె చెయ్యి ఒక ఎత్తు. సంతలో మేకను కొనేముందు ఒక చెయ్యి రొమ్ము కింద, ఒక చెయ్యి పొట్ట కింద పెట్టి ఒక్కసారి లేపి దించుతుంది. పదకొండున్నర కిలోల కూర పడుతుంది అంటుంది. పడుతుంది. తప్పితే పావు కిలో. అంతకుముందే జీవాలకు ఉప్పు నాకించి కడుపునిండా నీళ్లు తాగించే బేరగాళ్లు ఆమె కనబడితే మేకను వెనక్కి లాక్కుంటారు.

ఈ చెయ్యి మనుషుల మీద కూడా పనిచేస్తుందని తెలిసింది పోయిన ఏడు. ఆమె తమ్ముడు శ్రీనివాస్ జేసీబీ నడుపుతాడు, మిగతా పొద్దంతా కబడ్డీ ఆడతాడు. కూతకు పోతే నలుగురిని తాకి రావడం అతనికి అలవాటు. తుర్కయంజాల్ పోటీల్లో బాలాపూర్ జట్టు మల్లేశ్ అతని నడుము పట్టి ఎత్తి నేలకేసి కొట్టాడు. భుజం ఎముక విరిగిన చప్పుడు మూడో వరసకు వినబడింది. తోలు కింద నుంచి ఎముక మొన పొడుచుకొచ్చింది. అంతయ్య అక్కడే పడిపోయాడు. లచ్చమ్మ గీత దాటి వచ్చి తమ్ముణ్ని గొర్రెపిల్లలా రెండు చేతుల మీద ఎత్తుకుని ఆటో ఎక్కించింది. దవాఖానలో నర్సు బరువెంత అని అడిగితే డెబ్బై ఎనిమిది అని చెప్పింది. వాళ్ల మిషన్ కూడా డెబ్బై ఎనిమిదే అంది. ఆ రాత్రంతా అతను పళ్లు కొరుకుతూ మూలిగిన మూలుగు ఆమెకు ఇప్పటికీ పొట్టేలు తన్నిన చోట వినబడుతుంది.

ఎముక అతికింది. పగ అతకలేదు. ఈ ఏడు మల్లేశ్‌ను అదే గీత మీద పడగొట్టకపోతే మీసం గీసుకుంటానని శ్రీనివాస్ నలుగురిలో అన్నాడు. అయితే ఈసారి పోటీలు డెబ్బై ఐదు కిలోల లోపు వాళ్లకే.

అప్పుడే సాంబమూర్తి గారి యాప్ శ్రీనివాస్ ఫోన్లోకి చేరింది. వయసు, ఎత్తు, బరువు నింపాలి. బరువు దగ్గర అతను దవాఖాన చీటీ చూసి డెబ్బై ఎనిమిది అని కొట్టాడు. ఆ చీటీకీ ఈ రోజుకూ మధ్య ఆరు నెలలు చెయ్యి మెడకు కట్టుకుని, అక్క పెట్టిన తలకాయ కూర తిన్న సంగతి చీటీలో లేదు, యాప్‌కు ఎవరూ చెప్పలేదు.

అతను నిజాయితీగానే రాశాడు. రెండు రొట్టెలు తింటే రెండూ రాశాడు. కానీ జాబితాలో బోటి లేదు. నెత్తురుతో వండే నల్ల లేదు. తలకాయ లేదు. లేనిదానికి అంకె ఎక్కడినుంచి తేవాలి? సున్నా వేసుకున్నాడు. పాయ నీళ్లలాగే ఉంటుంది గనుక పలచటి సూపు అని రాశాడు. పొద్దున్నే రెండు గంటల కబడ్డీ అని కొడితే యాప్ సంతోషించి ఎనిమిది వందల కేలరీలు కరిగాయనేది. ఆ రెండు గంటల్లో గంటంబావు మల్లేశ్‌ను ఎట్లా చంపాలో కూర్చుని మాట్లాడుకున్నదే. రాత్రి రోజు పూర్తయిందని మీట నొక్కితేనే అది జోస్యం చెబుతుంది. పెళ్లికి పోయి తిన్న రోజు అతను నొక్కేవాడు కాదు. కడుపు మాడ్చుకున్న రోజే నొక్కేవాడు. రోజూ ఇలాగే గడిస్తే అని అది చెప్పే ప్రతి మాటా ఆ మంచి రోజుల మీదే. ఐదు వారాలకు డెబ్బై నాలుగు పాయింట్ మూడు.

పోటీలకు రెండు వారాల ముందు, దుకాణం కడుగుతుండగా తమ్ముడు వచ్చి బోటి ఉందా అని అడిగాడు. లచ్చమ్మ చీపురు పడేసి, చేతులు కడుక్కోకుండానే అతని నడుము పట్టి మడమలు లేచేదాకా ఎత్తి దించింది.

"డెబ్బై ఎనిమిదిన్నర."

"యాప్‌ల డెబ్బై ఐదు పాయింట్ ఎనిమిది ఉందక్కా."

"యాప్ నిన్ను ఎత్తి జూసిందా?"

పోయి ఎక్కడైనా కాంటా ఎక్కి రమ్మంది. అతను ఎక్కనన్నాడు. రోజూ ఎక్కితే ఒంట్లో నీటిని బట్టి అంకె అటూఇటూ అయి మనసు పాడవుతుందని, వారానికోసారి చాలని సారు చెప్పారట. సారు చెప్పిన ఆ ఒక్కసారి కూడా అతను ఎక్కలేదు. ఎక్కితే నిజమైపోతుందని లోపల ఒక భయం. నేనేమన్నా మేకనా అని అరిచాడు. మేకకైనా తన బరువు తెలుసని ఆమె అంది. అతను గోడకు వేలాడే తొడను గుద్దాడు. అది ఊగి వచ్చి అతని ముఖానికే తగిలింది. పైనుంచి లచ్చమ్మ చెంప మీద ఒకటి వేసింది. నెత్తురు మేకదో తమ్ముడిదో తెలియక అంతయ్య ముందు జాగ్రత్తగా బయటికి వెళ్లి కూర్చున్నాడు.

ఆ రోజు నుంచి దుకాణంలో అతనికి బోటి బంద్. రోజూ సంత నుంచి రెండేసి జీవాలను భుజాన మోయించింది. ఎదురు చెబితే కొట్టింది. సాంబమూర్తి గారిని కూడా పిలిచి ఆ దవాఖాన చీటీ తారీకు చూపించింది. ఆయన కళ్లజోడు సర్ది నెలలు వేళ్ల మీద లెక్కపెట్టారు. "లెక్క తప్పు కాదమ్మా, మొదటి అంకే తప్పు" అన్నారు చివరికి. తన డెబ్బై తొమ్మిది ఎప్పటిదో ఆమె అడగకముందే స్కూటర్ స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయారు.

పోటీల శనివారం వచ్చింది. తుర్కయంజాల్‌లో సాగర్ రోడ్డు పక్క మైదానం. పోటీలు పెట్టిన అండాలు సేటు మేకల బేరగాడు, సంత బేరంలో లచ్చమ్మ చెయ్యి దెబ్బ ఎన్నోసార్లు తిన్నవాడు. చెట్టు కింద బరువు మిషన్. ఏడుగురు ఎక్కి దిగారు, అందులో మల్లేశ్ ఒకడు. అంకెలు సేటు రాసుకున్నాడు. తరువాత శ్రీనివాస్ వంతు రాబోతుండగా మల్లేశ్ అతని భుజం మీద చెయ్యేసి, ఆ పాత ఎముక దగ్గర బొటనవేలుతో నొక్కి, గట్టిగ అతికిందా అన్నా అని అడిగాడు.

శ్రీనివాస్ తలతో అతని ముక్కు మీద కొట్టాడు. ముక్కు చితికి నెత్తురు చిమ్మింది. తరువాత ఎవరు ఎవరిని కొట్టారో చెప్పడం కష్టం. ఒకడి పన్ను ఇంకొకడి మోచేతిలో దిగింది. ఒకడి చెవి సగం చిరిగింది. కుర్చీ కాళ్లు ఊడి వీపుల మీద విరిగాయి. సాంబమూర్తి గారు శ్రీనివాస్ దాచమని ఇచ్చిన ఫోను పైకెత్తి పట్టుకుని బాబూ బాబూ అంటూ మధ్యలోకి వెళ్లి, కడుపులో ఎవరిదో మోకాలు తిని కూర్చుండిపోయారు. అంతయ్య అప్పటికే పడిపోయి ఉన్నాడు. చివరకు మల్లేశ్, శ్రీనివాస్ ఒకరి గొంతు ఒకరు పట్టుకుని బరువు మిషన్ మీద పడ్డారు. అద్దం పగిలి, లోపలి తీగలు బయటికొచ్చి, అంకెలు ఒకసారి నూట యాభై ఒకటి చూపించి ఆరిపోయాయి. లచ్చమ్మ వచ్చి ఇద్దరినీ చెరో జుట్టు పట్టి విడదీసింది.

ఇంకో మిషన్ తేవాలంటే మధ్యాహ్నమవుతుంది. జనం ఈలలు వేస్తున్నారు. అండాలు సేటు పెదవి తుడుచుకుని, కాంటా పోయింది కానీ కాంటా లాంటి మనిషి ఉంది అన్నాడు. బాలాపూర్ వాళ్లు ఒప్పుకోలేదు, ఆమె వాడి అక్క. అయితే పరీక్ష పెట్టండన్నాడు సేటు. ముందే తూగిన ఏడుగురిని ఆమె ఒక్కొక్కరిగా ఎత్తి దించింది. మల్లేశ్‌ను ఎత్తినప్పుడు అతని ముక్కు నెత్తురు ఆమె భుజం మీద కారింది. డెబ్బై నాలుగున్నర అంది. సేటు చీటీలో డెబ్బై నాలుగు పాయింట్ ఆరు. ఏడుగురిలో ఎవరికీ పావు కిలో మించి తేడా రాలేదు. ముక్కు పట్టుకునే మల్లేశ్ తల ఊపాడు.

శ్రీనివాస్ వచ్చి నిలబడ్డాడు. కింది పెదవి చిట్లి ఉంది. లచ్చమ్మ అతని చంకల కింద చేతులు పెట్టింది. బొటనవేలికి ఆ అతుకు తగిలింది, ఎముక మీద గుండీలా. ఎత్తింది. మిగతావాళ్ల కంటే ఒక క్షణం ఎక్కువే పట్టుకుంది.

"అక్కా" అన్నాడు అతను, ఆమెకు మాత్రమే వినబడేలా. "డెబ్బై ఐదను. ఒక్క మాట."

సాంబమూర్తి గారు కడుపు పట్టుకుని లేచి శ్రీనివాస్ ఫోను చూపించారు. పగిలిన అద్దం వెనక డెబ్బై నాలుగు పాయింట్ మూడు ఇంకా వెలుగుతూనే ఉంది.

లచ్చమ్మ తమ్ముణ్ని దించింది. "డెబ్బై ఆరుంబావు" అని మైదానమంతా వినబడేలా చెప్పింది.

అతను ఆడలేదు. అతని బదులు దిగినవాణ్ని మల్లేశ్ రెండో కూతలోనే అదే పట్టు పట్టి అదే గీత మీద వేశాడు. వాడి మోకాలు పక్కకు తిరిగిపోయింది. శ్రీనివాస్ జట్టు ముప్పై ఒక్క పాయింట్ల తేడాతో ఓడిపోయింది. శ్రీనివాస్ తాడు బయట నిలబడి చేతి వేళ్లు నమిలేసుకున్నాడు. ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా మీసం గీసుకున్నాడు.

మర్నాడు ఆదివారం. వరస మామూలుగానే ఉంది. సాంబమూర్తి గారు నడిచే వచ్చారు. దారిలో మిషన్ ఎక్కానని మాత్రం చెప్పి, అంకె చెప్పలేదు. పాయ మానేసి అర కిలో కూర అడిగారు. లచ్చమ్మ తూచింది, ముల్లు సరిగ్గా నిలిచాక ఎప్పటిలాగే ఇంకొక ముక్క పైన వేసింది.

బోడి పెదవితో గోడకు ఆనుకుని ఉన్న శ్రీనివాస్ ఆ ముక్క చూశాడు. నిన్నటి నుంచి మొదటిసారి నోరు విప్పాడు.

"సారుకైతే మొగ్గు పెడ్తవ్. సొంత తమ్మునికి కిలోంబావు మొగ్గు పెట్టనీకి చెయ్యి రాకపాయె గదా అక్కా."

లచ్చమ్మ కత్తి ఎత్తి నల్లి బొక్కను రెండుగా కొట్టింది.

"మొగ్గు కూర తూచేకాడ పెడ్తరు తమ్మీ, బొక్కలిరిగేకాడ పెట్టరు."