మాట్లాడొద్దన్న రోజునే మాట పోయింది

ఆ రోజు ఉదయం ఏడు గంటల క్లాసులో నాకు మాట ఆగిపోయింది. నేను భూపాలపల్లిలో ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో స్పానిష్ నేర్పుతాను. మా పుట్టిల్లు కొడకండ్ల. హైదరాబాద్‌లో చదివేటప్పుడు సీటు దొరికిందని చేరిన భాష అది, తర్వాత అదే బతుకుదెరువైంది. "బొగ్గుబాయిల కాడ గా భాష ఎవలకు గావాలె" అని చుట్టాలు ఇప్పటికీ నవ్వుతారు. ఎవరికి కావాలో నా ఐదుగురు స్టూడెంట్లకు తెలుసు.

ఆ రోజు పాఠం దొర్మీర్, అంటే నిద్రపోవడం. వాడుకలో లోపలి అచ్చు మారిపోయే క్రియ కాబట్టి నేర్చుకునేవాళ్లను తిప్పలు పెడుతుంది. నేను నిద్రపోతాను అంటే దువెర్మో. నువ్వు అంటే దువెర్మెస్. అతను అంటే దువెర్మె. మనం అనేసరికి మళ్లీ పాత అచ్చే, దొర్మీమొస్. నేను దువెర్మె దాకా చెప్పి ఆగాను. పదేళ్లుగా రోజూ చెప్పే ఆరు మాటల వరసలో తర్వాతి మాట రాలేదు. నోరు తెరిస్తే చప్పుడు వచ్చింది కానీ అది మాట కాదు.

"మేడమ్, మీ ఆడియో పోయింది" అంది ఒక అమ్మాయి. నేనూ నెట్ సమస్యే అనుకుని లేచి రౌటర్ ఆపబోయాను. కుడిచేతి వేళ్లు స్విచ్ మీద సరిగా నిలవలేదు.

అత్తమ్మ టీ తెచ్చి నా ముఖం చూసి నిలబడిపోయింది. "మూతి వంకర వోయింది బిడ్డా. గాలి గొట్టింది" అంది. మా ఆయన మొదటి షిఫ్టుకు వెళ్లి బొగ్గుబాయి లోపల ఉన్నాడు, ఫోన్ కలవదు. టేకుమట్ల వైపు ఒక ఊళ్లో మూతి వంకరకు పసరు పోసే పెద్దమనిషి ఉన్నాడు. అత్తమ్మ చెల్లెలికి అక్కడే నయమైందని ఇంట్లో అందరి నమ్మకం. ఆమెకు వచ్చింది బెల్స్ పాల్సీ అని, అది చాలామందికి దానంతటదే తగ్గుతుందని నాకు చాలా తర్వాత తెలిసింది. నేను చెప్పబోతే వచ్చిన చప్పుడు కూడా మూతి వంకర వల్లేనని అనుకున్నారు. పక్కింటివాళ్ల ఆటోలో నన్ను అక్కడికి తీసుకెళ్లారు.

ఆ పెద్దమనిషి చెవిలో పసరు పిండి, ఒక గుక్క తాగించి, అత్తమ్మకు పథ్యం చెప్పాడు. "పొద్దు గూకెదాక మాట్లాడొద్దవ్వా. ఒక్క మాట అన్నా మందు ఇరిగిపోతది. మీరు గూడ పలకరియ్యొద్దు."

ఆ పథ్యం నా అంత బాగా ఎవరూ పాటించి ఉండరు. ఇంటికొచ్చాక నన్ను మంచం మీద కూర్చోబెట్టారు. చూడటానికి వచ్చినవాళ్లను అత్తమ్మ గుమ్మంలోనే ఆపి "పసరు పోయిచ్చినం, మాట్లాడియ్యకుండ్రి" అని చెబుతోంది. ఒకామె నన్ను మెచ్చుకుంది కూడా. "మంచి కోడలు, ఒక్క మాటన్న జారనిస్తలేదు" అంది. నేను లోపల అరుస్తున్నాను. నాకు మాట రావడం లేదని చెప్పడానికైనా మాట కావాలి కదా. అంతకుముందు నేను భయం అనుకున్నవేవీ భయాలు కావని ఆ మంచం మీద తెలిసింది.

నన్ను నేను పరీక్షించుకోవాలని మనసులో ఆ వరస మొదలుపెట్టాను. దువెర్మో, దువెర్మెస్. సరే, భూతకాలం. దొర్మీ, దొర్మీస్తె, ఆ తర్వాత ఏదో ఉండాలి. భవిష్యత్తుకు మొదటి మాటే దొరకలేదు. వెతికిన ప్రతిసారీ ఇంకొకటి తగ్గేది. ఎవరో ఇంట్లోంచి ఒక్కో సామాను మోసుకుపోతుంటే చూస్తూ కూర్చున్నట్టుంది. మధ్యాహ్నానికి దువెర్మో కూడా పోయింది. మా ఆయన పేరు ఏమిటా అని వెతికాను. అదీ లేదు.

ఆయన షిఫ్టు దిగి వచ్చేసరికి మూడు దాటింది. "సుజాతా, ఏమైందే?" అని దగ్గరికి వచ్చాడు. "మాట్లాడొద్దన్నరురా" అని అత్తమ్మ అడ్డం వచ్చింది. ఆయన కాగితం, పెన్ను నా ఒళ్లో పెట్టి "మాట్లాడకు. ఏమైతుందో రాయి" అన్నాడు. ఎడమచేత్తో ఏదో రాశాను. అందులో ఒక్క అక్షరం లేదు, అన్నీ గీతలే. ఆయన కాగితం చూసి కారు కోసం పరుగెత్తాడు.

హనుమకొండ దవాఖానలో సీటీ స్కాన్ తీశారు. డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్ని గంటలకు మొదలైంది?"

"పొద్దుగాల ఏడింటికి సార్" అన్నాడు మా ఆయన.

"నాలుగున్నర గంటల లోపు వస్తే క్లాట్ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చేవాళ్లం. ఆ టైమ్ దాటిపోయింది. మెదడులో ఎడమవైపు స్ట్రోక్, అందుకే కుడిచెయ్యి పట్టు తప్పింది. మాట పోవడాన్ని అఫేజియా అంటారు. ఎంత తిరిగి వస్తుందో ఇప్పుడే చెప్పలేను." ఆయన చెప్పింది నాకు చాలావరకు అర్థమైంది. అర్థం కాకుండా ఉంటే బాగుండేది. బీపీ ఎప్పటి నుంచి ఉందని అడిగితే ఎవరికీ తెలియదు. ముప్పై ఎనిమిదేళ్లకు బీపీ ఏమిటన్న ధీమాతో నేను ఎప్పుడూ చూపించుకోలేదు.

తర్వాత స్పీచ్ థెరపీ. థెరపిస్ట్ ఆదివారం అని అందిస్తే సోమవారం వచ్చేది, కానీ ఇవాళ ఏ వారం అంటే వచ్చేది కాదు. "ఏళ్ల తరబడి వల్లించినవి ముందు కదుల్తయి మేడమ్. మీరు రోజూ వల్లించేది ఇంకేమన్న ఉందా?" అని అడిగింది. మా ఆయన ఫోన్‌లో నా పాత క్లాసు రికార్డింగ్ పెట్టాడు. ఫోన్‌లో నా గొంతు దువెర్మో అంది. నా నోరు దువెర్మెస్ అంది. ఆయన గోడవైపు తిరిగి ఏడ్చాడు.

మూడో నెలలో కొడకండ్లలో మా అమ్మ దగ్గర ఉండగా ఫిట్స్ వచ్చాయి. మధ్యాహ్నం పడుకున్నదాన్ని, తెలివి వచ్చేసరికి మళ్లీ ఒక్క మాట లేదు. "ఇది ఇంకో స్ట్రోక్ కాదు, ఫిట్సే. తేరుకుంటారు" అన్నాడు డాక్టర్. నాలుగు రోజులకు తేరుకున్నాను కానీ నిద్రంటే భయం పట్టుకుంది. కళ్లు మూస్తే లేచేసరికి ఏం మిగులుతుందో అని కూర్చునే ఉండేదాన్ని.

అత్తమ్మ మీద నాకు చాలా కోపం ఉండేది. మాట లేదు కాబట్టి అనలేదు, మాట వచ్చేసరికి కోపం కొంత చల్లారింది. ఇంటికి అదొక అదృష్టం. ఒకరోజు ఆమే అంది, "నా చేతులతోనే నీ నోరు మూస్తిని బిడ్డా." అయిదో తరగతి చదివిన మనిషి, నా రికార్డింగులు పెట్టించి, నా క్రియలన్నీ కొడుకుతో తెలుగు అక్షరాల్లో నోట్‌బుక్‌లో రాయించుకుంది. వరస మీద వేలు పెట్టుకుని నా ఎదురుగా కూర్చునేది. "దుర్మియో అనాలె, దొర్మియో అంటున్నవ్. మల్ల మొదటికెళ్లి అను" అనేది. "నిద్రవోవుడుకు గిన్ని తీర్లా?" అని విసుక్కునేది. నిద్రపో అని ఆజ్ఞాపించడానికీ దువెర్మె అనే అంటారు, ఆ రూపం మాత్రం ఆమెకు బాగా నచ్చింది. మధ్యాహ్నం నేను పడుకోకుండా మొండికేస్తే, నా తల దిండు మీదికి ఒత్తి "దువెర్మె" అని పక్కనే కూర్చునేది.

ఇప్పటికి రెండేళ్లు. వారానికి రెండు క్లాసులు చెబుతున్నాను, మెల్లగా. వర్తమానం, భూతకాలం బాగానే వస్తాయి. కోరికలు, అనుమానాలు చెప్పే రూపాల దగ్గర ఇంకా తడబడతాను. బీపీ మాత్ర, బ్లడ్ థిన్నర్, ఫిట్స్ మాత్ర తప్పవు. పొద్దున లేవగానే, కళ్లు తెరవకముందే ఆరు మాటలూ పైకి చెప్పుకుంటాను. అవి పూర్తయ్యేదాకా వంటింట్లో గిన్నెల చప్పుడు ఉండదు. ఒకరోజు ఆటపట్టిద్దామని మౌనంగా పడుకున్నాను. అత్తమ్మ పిండి చేతులతోనే వచ్చి నా మీదికి వంగింది. ఆమె నోరు తెరిచింది కానీ గొంతు రాలేదు. నేను గబగబా వరసంతా చెప్పేశాను. మళ్లీ అలాంటి వేళాకోళం ఆడలేదు.

చదివేవాళ్లకు ఒక్కటే చెబుతాను. మీ ఇంట్లో ఎవరికైనా మూతి వంకరపోయినా, చెయ్యి పట్టు తప్పినా, మాట ఆగినా ముందు టైమ్ చూసుకోండి. నేరుగా సీటీ స్కాన్ ఉన్న దవాఖానకు తీసుకెళ్లండి. దారి పొడుగునా ఆ మనిషిని మాట్లాడించండి. ఆ రోజు మా ఇంటికి పదిహేను మంది వచ్చి నన్ను చూసిపోయారు. "నీ పేరేంది?" అని ఒక్కరూ అడగలేదు.