రెండో జవాబు

డెల్ కుచెరాకు ఊళ్లో ఎవరి సంగతీ పట్టదు. ఎవరి ఇంట్లో ఎవరు అలిగారో, ఎవరి పెళ్లి పెటాకులైందో ఎదురుగా కూర్చుని చెప్పినా సగం వినదు. ఫుట్‌బాల్ కోచ్ ఉద్యోగం వదిలి పోతున్నాడంటే మాత్రం, ఎందుకో తెలిసేదాకా ఆమెకు ముద్ద దిగదు.

నెబ్రాస్కాలో మొక్కజొన్న చేల నడుమ ఉన్న ఆ చిన్న కాలేజీలో, ముప్పై ఒక్క ఏళ్లుగా అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు సామానంతా ఆమె చేతి మీదే నడుస్తోంది. తొంభై రెండు హెల్మెట్లు, భుజాలకు కట్టుకునే దిళ్లు, గడ్డి మరకల చొక్కాలు, మూడు ఉతికే యంత్రాలు. వ్యాయామశాల కింద నేలమాళిగలో ఆమె గది. పనిలో చేరిన రోజు ఎంత తడి వాసనో ఇప్పుడూ అంతే. వెళ్లిపోయే కోచ్ ఎంత గొప్పవాడైనా ఆ మెట్లు దిగి వచ్చి తాళాలు ఆమెకు అప్పజెప్పాల్సిందే. అది కాలేజీ పెట్టిన నియమం. తాళాలు తీసుకునేటప్పుడు ఎందుకు పోతున్నావని అడగడం మాత్రం డెల్ సొంతంగా పెట్టుకున్నది.

మొదటి జవాబు దాదాపు అందరిదీ ఒకటే. కుటుంబం కోసమనో, కొత్త సవాలు కోసమనో, పేపరువాళ్లకు చెప్పిందే మళ్లీ చెబుతారు. డెల్ తలూపుతుంది. గుత్తిలోంచి తాళాలు ఒక్కొక్కటే ఊడదీస్తూ కూర్చుంటుంది. మొత్తం పదకొండు తాళాలు. ఆరో ఏడో వచ్చేసరికి ఎంతటి మొండివాడైనా మెత్తబడి అసలు మాట కక్కుతాడు. ఆమెకు కావలసింది ఆ రెండో జవాబే.

అలా ఏడుగురి గుట్టు ఆమె కడుపులో ఉంది. ఒకతను కొట్టుకెళ్లి పాలు కొనుక్కుంటుంటే కూడా ముసలాళ్లు చుట్టూ మూగి, ఆఖరి నిమిషంలో ఆ బంతి ఎందుకు విసిరించావని నిలదీస్తుంటే పడలేక ఊరొదిలి పోయాడు. ఇంకొకతను, కోచ్‌గా ఉన్న తన తండ్రిని ఏ కాలేజీ మెడపట్టి గెంటిందో ఆ కాలేజీలోనే, ఆ కుర్చీలోనే కూర్చోవాలని పోయాడు. జీతం కోసమని దాపరికం లేకుండా చెప్పినవాడు ఒక్కడే. తీరా ఏడో తాళం దగ్గర, ఈ ఊరి గాలి హోరుకు నా భార్య మూడేళ్లుగా నిద్రపోలేదని కళ్లు తుడుచుకున్నాడు. అన్నీ గెలిచి కప్పు తెచ్చినవాడు పోతుంటే ఊరంతా ముక్కున వేలేసుకుంది. "ఇంక ఇక్కడ నాకు మిగిలింది ఓడిపోవడమే కదా" అన్నాడతను డెల్‌తో. వాళ్లందరిలోకీ తెలివైనవాడు అతనేనని ఆమె ఇప్పటికీ అనుకుంటుంది.

ఎనిమిదోవాడు వెండెల్ స్టకీ. వచ్చి తొమ్మిదేళ్లయింది. తలుపు తెరిచే ఉన్నా తట్టి లోపలికి వచ్చిన కోచ్ ఇతనొక్కడే. కోచ్‌ల భార్యలు సామాను సర్దుకునే అట్టపెట్టెలు పారేయరు. మడిచి గరాజులో దాచుకుంటారు, మళ్లీ ఎప్పుడు కదలాలో ఎవరికి తెలుసు? స్టకీ భార్య మార్సీ రెండేళ్ల కిందట ఆ పెట్టెలన్నీ చర్చి వాళ్లకు ఇచ్చేసింది. ఆ రోజు నుంచి డెల్ నిశ్చింతగా ఉంది. అందుకే జనవరిలో పెద్ద యూనివర్సిటీ నుంచి అతనికి పిలుపొచ్చిందని తెలిసినప్పుడు ఆమెకు కుతూహలం కంటే ముందు కోపం వచ్చింది.

గురువారం మధ్యాహ్నం స్టకీ తలుపు తట్టాడు. పోతున్నాడని పేపర్లో వచ్చేసింది, శుక్రవారానికల్లా అక్కడ ఖాయం చేసి చెప్పాలి. ఒక చేతిలో తాళాల గుత్తి, రెండో చేతిలో క్యాంటీన్ నుంచి తెచ్చిన మాంసం, చిక్కుళ్లు వేసి వండిన చిల్లీ గిన్నె, దాని మీద, ఆ ఊళ్లో చిల్లీతో కలిపి తినే దాల్చినచెక్క రొట్టె.

"లంచమా?" అంది డెల్.

"మీరు మధ్యాహ్నం తినలేదని క్యాంటీన్‌లో చెప్పారు. అడగండి, మీ ముచ్చట కూడా తీర్చేస్తాను."

"ఎందుకు పోతున్నావు కోచ్?"

"పెద్ద జట్టు. పెద్ద మైదానం. ఇలాంటి అవకాశం..."

"పేపర్లో చదివాన్లే."

డెల్ గుత్తి అందుకుంది. ఒకటి, రెండు, మూడు. స్టకీ ఉతికే యంత్రం వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆరో తాళం బల్ల మీద పడ్డాక నోరు తెరిచాడు.

"పద్దెనిమిదేళ్లప్పుడు ఆ జట్టులో చేరదామనే వెళ్లాను. మూడో వారం తలుపు మీద ఎంపికైనవాళ్ల పేర్లు అంటించారు. నా పేరు లేదు. కింద నుంచి పైకి కూడా చదివాను, డెల్. ఆ జాబితా రాసిన టాల్బర్టే ఇప్పుడక్కడ పెద్ద కోచ్, నా పని ఆయన కిందే. ఒక్కసారి ఆ తలుపులోంచి లోపలికి నడవాలి. అంతే."

ఇన్నేళ్లుగా ఆమె విన్నవాటిలో ఇంత సూటి జవాబు లేదు. కోపం దిగిపోయింది.

"ఇంకో మాట" అన్నాడు స్టకీ. "మీరూ రండి. సామాను గది మీకే ఇమ్మని అడిగాను, సరేనన్నారు. కిటికీలున్నాయి."

డెల్ చేతులు ఆగాయి. "నేనా? నాకిక్కడ ఇల్లుంది. చర్చిలో ఆదివారం పాడాలి. ఈ వయసులో ఎక్కడికొస్తాను?"

"అది పేపరు జవాబు. ఏడో తాళం మీ చేతిలోనే ఉంది, కానివ్వండి."

ఆమె నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు.

"ఏడుగురు పోయారు కోచ్. ఒక్కరూ నన్ను రమ్మనలేదు. వస్తావా అని మాటవరసకైనా అడగలేదు. ఎందుకు పోతున్నారని నేను ప్రతివాణ్నీ ఇంతగా తవ్వేది అందుకేనేమో. నువ్వడిగావు. నాకది చాలు. నేను రాను."

యంత్రం తిరగడం ఆగింది. డెల్ రొట్టె విరిచి చిల్లీలో ముంచుకుంది. తింటూ తింటూ, మామూలుగానే అడిగింది.

"టాల్బర్ట్ ఏమన్నాడు, నీతో మాట్లాడినప్పుడు? ఆ జాబితా గుర్తుందా అతనికి?"

"ఆయన మాట్లాడలేదు. ఫోన్ చేసింది ఆఫీసులో ఎవరో కుర్రాడు. వెళ్లాక ఆయన కలుస్తారట."

"ఓహో" అంది డెల్. స్టకీ మెట్లవైపు చూశాడు. పద్నాలుగు మెట్లు, డెల్‌ను రమ్మని స్వయంగా అడగడానికి చిల్లీ ఒలకకుండా తను దిగి వచ్చిన మెట్లు. తర్వాత బల్ల మీది ఆరు తాళాలూ, ఆమె చేతిలో మిగిలిన గుత్తీ తీసుకుని, ఒక్కొక్కటే మళ్లీ గుత్తికి ఎక్కించుకోవడం మొదలుపెట్టాడు.

"ఆయన్నే ఒకసారి ఫోన్ చేయమంటాను" అన్నాడు. "రేపటిదాకా సమయముంది కదా."

శుక్రవారం మళ్లీ ఆ ఆఫీసు కుర్రాడే ఫోన్ చేశాడు.

ఆగస్టులో సాధన మొదలైన రోజున స్టకీ హెల్మెట్లు లెక్కచూసుకోవడానికి కిందికి వచ్చాడు. గోడ మీద, వదిలి వెళ్లినవాళ్ల తాళాలు తగిలించే కొక్కెం ఖాళీగానే ఉంది. ఆ గదిలో డెల్ ఎన్నడూ ఎవరినీ అడగని ప్రశ్న ఆ రోజు అడిగింది.

"ఎందుకు ఉండిపోయావు కోచ్?"

"మార్సీ పెట్టెలన్నీ చర్చికి ఇచ్చేసింది కదా" అన్నాడతను.

అది మొదటి జవాబు. రెండోది డెల్ అడగలేదు, అది ఆమెకు తెలుసు. అతని ముందు ఒక కుర్చీ లాగి, చిల్లీ గిన్నె పెట్టింది.