డూగల్ రాయని పేరు

ఎడిన్‌బరోలో జమాఖర్చుల లెక్కలు చూసేవాళ్ల సంఘం ఉంది, మా భవనంలోకి వచ్చినవాళ్లు ముందుగా తలెత్తి గోడ మీది బోర్డులు చూస్తారు. కింద నేను తుడిచిన నేలను ఎవరూ చూడరు, అది వేరే సంగతి. ఆ నల్ల బోర్డుల మీద బంగారు రేకుతో పేర్లు రాసినవాడు డూగల్ పీట్రీ.

మొదటి బోర్డు సంఘం పెట్టినవాళ్లది. వాళ్ల కాలంలో లెక్కలు చూసేవాడంటే లాయరుగారి వెనక సంచి మోసేవాడి కిందే జమ. వ్యాపారాలు కుప్పకూలి, మిగిలినది ఎవరికెంతో తేల్చే పని చేతికొచ్చాక వీళ్ల దశ తిరిగింది. ఊరు దివాలా తీస్తే వీళ్లింట పొయ్యి వెలిగిందన్నమాట. అద్దె గదిలో కూర్చుని సంఘం కట్టుకుని, రాణిగారి చేత పట్టా రాయించుకున్నారు. రెండో బోర్డు అధ్యక్షులది.

బంగారు రేకు ఊపిరి తగిలినా లేచిపోతుంది. అందుకని డూగల్ ముందు కిటికీలు మూయించి, తర్వాత నా నోరు మూయించేవాడు.

"మోరాగ్, నీ చీపురుకైనా సెలవుంది. నాలుకకి లేదా?"

పని పూర్తయి వార్నిషు ఆరాక నా చెయ్యి తీసుకుని బోర్డు మీద పెట్టేవాడు. "కళ్లు మూసుకుని తడుము. ఏమన్నా తగిలిందా?"

"లేదన్నా."

"అదీ పనంటే. అక్షరం కంటికి కనపడాలి గానీ చేతికి దొరక్కూడదు. దొరికిందా, రాసినవాడికి పని రాదన్నట్టే."

డూగల్‌కి ఒక్కడే కొడుకు, నీనియన్. తల్లి లేని పిల్లాడు. ఈ సంఘంలో సభ్యుడు కావాలంటే ఒక సభ్యుడి దగ్గర ఐదేళ్లు శిష్యరికం చేసి, ఆపైన పరీక్షలు గట్టెక్కాలి. నీనియన్ శిష్యరికం ముగించాడు. "ఎప్పటికైనా రెండో బోర్డు మీద వాడి పేరు నేనే రాస్తా, చూస్తుండు," అని డూగల్ నాతో ఎన్నిసార్లు అన్నాడో. ఇంకొక్క పరీక్ష ఉందనగా పద్నాలుగులో జర్మనీతో యుద్ధం వచ్చింది. పిల్లాడు ఫ్రాన్సు వెళ్లి లూస్ దగ్గర చనిపోయాడు.

యుద్ధం అయ్యాక మూడో బోర్డు పెట్టారు, ఆ యుద్ధంలో చనిపోయిన సభ్యుల పేర్లకి. రాయడానికి డూగల్‌నే పిలిచారు. అతను టోపీ చేత్తో పట్టుకుని కార్యదర్శి లోగన్ గారి ముందు నిలబడ్డాడు.

"మా వాడి పేరు కూడా రాయనిస్తారా బాబూ?"

"నాకు మాత్రం బాధ లేదనుకున్నావా డూగల్? కానీ వాడు సభ్యుడు కాలేదు. ఆఖరి పరీక్ష రాయలేదుగా."

"చావడానికి మాత్రం ఏ పరీక్షా అడగలేదండీ."

లోగన్ గారు తల దించుకుని, విషయం సభలో పెడతానన్నారు. అక్కడ ఓటంటే చెక్కపెట్టెలో గోలీ వెయ్యడం. సరేనంటే తెల్లది, కూడదంటే నల్లది. ఎవరు ఏది వేసిందీ పక్కవాడికి కూడా తెలియదు. పెట్టె తుడిచేది నేనే కదా, నల్లవి దోసిలి నిండా వచ్చాయి. ఆ రోజు నాకు ఒళ్లు మండిపోయింది. నల్ల గోలీ వేసినవాళ్లూ వెయ్యనివాళ్లూ అందరూ బయటికొచ్చి టీ తాగుతూ డూగల్ భుజం తట్టి వెళ్లారు.

అయినా అతను బోర్డు రాశాడు. తన కొడుకు పక్కన కూర్చుని చదువుకున్న కుర్రాళ్ల పేర్లు ఒక్కొక్కటే రాశాడు. చివర ఒక వరస ఖాళీ వదిలాడు.

"కిందంతా బోసిగా ఉందేం?" అన్నారు లోగన్ గారు.

"అంచుదాకా రాస్తే బోర్డు ముఖం చిన్నబోతుందండీ."

అది అబద్ధమని ఆయనకీ తెలుసు. ఆ వరస అలాగే ఉండనిచ్చారు.

తర్వాత చట్టం మారి ఆడవాళ్లని కూడా సంఘంలో చేర్చుకున్నారు. వాళ్లలో మిస్ రెన్నీ అనే ఆవిడ యుద్ధంలో పోయిన శిష్యుల పేర్లు కూడా రాయాలని ఏటా సభలో లేచి అడిగేది. లెక్కలవాళ్లు కదా, మీనమేషాలు లెక్కపెట్టడంలోనూ ఘనులే. పాత పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోయాక పెట్టెలో తెల్ల గోలీలు పడ్డాయి. ఈలోగా డూగల్‌కి నీటికాసులు వచ్చి చూపు పూర్తిగా పోయింది. చివరి వరసలో నీనియన్ పేరు లీత్ నుంచి వచ్చిన ఎవరో పెయింటరు రాశాడు.

చెయ్యి పట్టుకుని నేనే డూగల్‌ని తీసుకొచ్చాను. టోపీ నాకిచ్చాడు. అతని వేళ్లు ఆ వరస మీద పెట్టాను. ఈ చివర నుంచి ఆ చివరకి తడిమాడు, మళ్లీ వెనక్కి తడిమాడు.

"ఉందా మోరాగ్? నిజం చెప్పు."

"ఉందన్నా. నీ వేళ్ల కిందే ఉంది."

అరచెయ్యి బోర్డుకి ఆనించాడు.

"అయితే మంచి పనివాడే రాశాడు," అన్నాడు. చెయ్యి మాత్రం తియ్యలేదు.