రక్తం పడని పిల్ల

మా కాలేజీలో డిగ్రీ పిల్లలు చదువు మధ్యలో కొన్ని వారాలు ఎక్కడైనా పని నేర్చుకుని రావాలి. ఇంటర్న్‌షిప్ అంటారు. వాళ్లకు చోటు చూసిపెట్టే బాధ్యత నాకు అప్పజెప్పేదాకా నేను పాఠం చెప్పడమే తప్ప ఒకరి గుమ్మమెక్కి ఏదీ అడిగి ఎరగను. శ్రీకాకుళం ఎండలో గొడుగేసుకుని ఆసుపత్రులు, రైసు మిల్లులు, మందుల దుకాణాలు తిరిగాను. చాలామంది కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, "ఇప్పుడు కాదులెండి" అన్నారు.

కాదనని కొద్దిమందిలో ఒకావిడ. చిన్న రక్తపరీక్షల ల్యాబ్ నడుపుతోంది. యాభై దాటి ఉంటాయి. సూది వేసేదీ ఆవిడే, మిషన్లు చూసుకునేదీ ఆవిడే.

"పోయినసారి ఒకబ్బాయి వచ్చి, చెప్పాపెట్టకుండా మానేశాడు మేడమ్. ఈసారి మీ మాట మీద తీసుకుంటున్నాను" అంది.

మైక్రోబయాలజీ చదివే అమ్మాయిని పంపాను. క్లాసులో మైక్రోస్కోపు ముందు కూర్చుంటే బెల్లు కొట్టినా లేవని పిల్ల. తండ్రి అరసవల్లి గుడికీ బస్సు కాంప్లెక్సుకీ మధ్య ఆటో తోలుతాడు. కూతురు ల్యాబ్‌లో చేరిన సంగతి ఆటో ఎక్కినవాళ్లందరికీ చెప్పుకున్నాడట.

శనివారాలు పిల్లలు కాలేజీకి వచ్చి, పని ఎలా సాగుతోందో నాకు చెప్పి వెళ్లాలి. మొదటి వారం ఈ అమ్మాయి "బాగుంది మేడమ్" అంది. రెండో వారం కూడా అదే మాట, కాకపోతే తల ఎత్తలేదు. ముఖం పీక్కుపోయింది. గుచ్చి గుచ్చి అడిగినా ఇంకో మాట రాలేదు.

ఆడపిల్లల్ని బయటకు పంపే ప్రతి టీచరుకీ లోపల ఒక భయం ఉంటుంది. దాన్ని పైకి అనం. ఆ ల్యాబ్‌కి రకరకాల మనుషులు వస్తూ పోతూ ఉంటారు. ఎవరైనా ఏమైనా అన్నారా, చెయ్యి వేశారా? అన్నం ముందు కూర్చున్నా అదే ఆలోచన.

సోమవారం ఆ తండ్రే కాలేజీకి వచ్చాడు. ఖాకీ చొక్కాతోనే స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడ్డాడు.

"మేడమ్‌గారూ, మా పిల్ల తిండి తినడం నేదండి. అడిగితే ఏటీ నేదంటాది. అక్కడ దాన్ని ఎవులైనా ఏటైనా అన్నారేటి?"

నా భయమే ఆయన నోట విన్నాను. పర్మిషన్ పెట్టి ఆయన ఆటోలోనే బయల్దేరాను.

ల్యాబ్‌లో అమ్మాయి ముందు బల్ల దగ్గర ఉంది. మా ఇద్దర్నీ కలిపి చూడగానే ఏడుపు అందుకుంది.

"ఏటైనాది అమ్మీ? ఎవులేటన్నారు? నాకు సెప్పు."

"ఎవులూ ఏటీ అన్నేదు నాన్నా."

"మరేటి?"

"రకతం సూస్తే కళ్లు తిరుగుతన్నాయి. ఇంటికొచ్చి అన్నం కలిపితే కడుపులో తిప్పుతాది. మేడమ్ అంతమందిని అడిగి ఇప్పించినారు. నువ్వేమో ఆటో ఎక్కినోళ్లందరికీ సెప్పీసినావు. నానెలా సెప్పీది?"

ఆయన పేషెంట్ల బెంచీ మీద కూలబడ్డాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"ఓస్, ఇంతేనా. నానేటేటో అనుకున్నాను." తువ్వాలు భుజాన వేసుకుని అన్నాడు: "నాకూ పడదే. నువ్వు పుట్టినరోజున ఆస్పత్రి వరండాలో పడిపోనాను. నిన్ను సూడ్డానికొచ్చినోళ్లు ముందు నన్ను సూసినారు."

ఏడుస్తున్న పిల్ల నవ్వింది. నేనూ వెళ్లి ఆ బెంచీ మీదే కూర్చున్నాను. రెండు రోజుల బరువు ఒక్కసారిగా దిగిపోతే మనిషికి నవ్వు రాదు, నీరసం వస్తుంది. గోడకు తల ఆనించి కళ్లు మూసుకున్నాను.

ల్యాబ్ ఆవిడ చేతి తొడుగులు తీసేస్తూ లోపలి నుంచి వచ్చింది. మీ మాట మీద తీసుకున్నానన్న మనిషి ఇప్పుడేమంటుందోనని లేచి నిలబడ్డాను.

"నాకు తెలుసు మేడమ్" అంది. "ట్యూబు పట్టుకుంటే చేతులు వణుకుతాయి. మైక్రోస్కోపు దగ్గర మాత్రం కదలదు. తనే చెబుతుందేమోనని చూస్తున్నాను."

"సగంలో మానేసినట్టవుతుంది కదండీ" అన్నాను.

"చెప్పకుండా పోవడం వేరు, పడటం లేదని చెప్పడం వేరు. రేపు ఉద్యోగంలో చేరాక తెలిస్తే ఏం చేసేది?" అని అమ్మాయి వైపు తిరిగింది. "మా బావగారికి రాజాం దగ్గర డెయిరీ ఉంది. పాలు పరీక్ష చెయ్యడానికి మనిషి కావాలంటున్నారు. వెళ్తావా?"

"పాలైతే పరవాలేదండి."

"ఎల్తాదండి, ఎల్తాది" అన్నాడు తండ్రి.

ఆ వారంలోనే నేను వెంట వెళ్లి అక్కడ దిగబెట్టాను. ఊళ్ల నుంచి వ్యాన్లలో వచ్చిన పాల క్యాన్లు, తడి నేల, ఓ మూల పరీక్షల గది. డెయిరీ యజమాని చెంచాడు పాలు తీసి వెన్న ఎంతుందో మిషన్‌లో చూపించాడు. అమ్మాయి ముందుకు వంగింది. ఎండాకాలం దారిలోనే పాలు విరిగిపోతే ఎవరి తప్పంటారు, క్యాన్లు దేనితో కడుగుతారు, పాలలో ఏ సూక్ష్మజీవులున్నాయో ఇక్కడే చూడొచ్చా అని ప్రశ్న మీద ప్రశ్న. ఆయన సగం వాటికి జవాబు చెప్పి, మిగతావి "నువ్వే చూసి చెప్పమ్మా" అన్నాడు. నేనక్కడ ఉన్నానన్న సంగతే ఆ పిల్ల మరిచిపోయింది.

చదువయ్యాక ఆ డెయిరీలోనే ఉద్యోగం ఇచ్చారు. రాజాంలో పెద్దమ్మ ఇంట్లో ఉండి పనికి వెళ్తోంది.

ఆ పిల్లను డెయిరీలో దిగబెట్టిన రోజు నేను రాజాంలో శ్రీకాకుళం బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. బ్యాగు ఒళ్లో పెట్టుకుని, కోసిన వరిచేల మీది గాలికి ఎప్పుడు నిద్రపోయానో తెలియదు.

"అమ్మా, కాంప్లెక్స్ వచ్చీసినాది, దిగండి" అని కండక్టరు లేపాడు. బస్సు అప్పటికే ఖాళీ అయిపోయింది.