వేడినీళ్ల నింద

కొల్లేటి గట్టున చేపల చెరువులకు కాపలా కాసిన రాజరత్నానికి డెబ్బై దాటాక పక్షవాతం వచ్చింది. కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి, మాట పోయింది. కొడుకు చేపల లారీ మీద ఊళ్లు తిరుగుతుంటాడు గనుక ముసలాయన ఆలనాపాలనా కోడలు నిర్మలదే. గణపవరంలో ఇంట్లోనే జాకెట్లు కుట్టుకుంటూ, మధ్యలో లేచి ఆయన్ని పక్కకి తిప్పేది, జావ పట్టేది, బదులు రాకపోయినా కబుర్లు చెప్పేది.

ఎండలు ముదిరాక ఆయన ఎడమచేత్తో అదే పనిగా పొట్ట గోక్కోవడం మొదలుపెట్టాడు. చెమటకాయలనుకుని పౌడరు చల్లింది. మందులషాపు వాళ్లిచ్చిన ఆయింట్‌మెంటు రాసింది. తగ్గలేదు. ఒకనాడు స్నానం చేయించి తువ్వాలుతో అద్దుతుంటే తొడల మీద బొబ్బలు కనిపించాయి. ఒక్కొక్కటీ రేగుపండంత. లోపల తేటనీరు, పైన బిగిసిన తోలు.

నిర్మల వెంటనే బకెట్లో మిగిలిన నీళ్లలో చెయ్యి పెట్టి చూసింది. గోరువెచ్చగానే ఉన్నాయి.

సాయంత్రం ముదినేపల్లి నుంచి ఆడపడుచు జాయ్సీ వచ్చింది. తండ్రి మీది దుప్పటి తీసి చూసింది.

"నీళ్లు ఎంత కాచావు?" అంది. వదినా అన్న పిలుపు లేదు.

"రోజూలాగే జాయ్సీ. చెయ్యి పెట్టి చూశాకే పోశాను."

"మరి ఈ బొబ్బలేంటి? నాన్న కాలినా అరవలేడు. అది నీకు తెలుసు."

గుమ్మంలో అప్పటికే ఇరుగుపొరుగు చేరారు. కట్లు కట్టడానికొచ్చిన ఆర్.ఎం.పి. డాక్టరు కూడా "కాలినట్టే ఉందండి" అన్నాడు. జాయ్సీ మంచం మీదికి వంగి, "నాన్నా, వేడినీళ్లు పోసిందా?" అని అడిగింది. ముసలాయన గొంతులో ఏదో గురగుర, కళ్లలో నీళ్లు. అది అవునో కాదో ఎవరికి తెలుసు? జాయ్సీకి మాత్రం అవుననే వినిపించింది. మర్నాడే కారు తెచ్చి తండ్రిని తీసుకుపోయింది.

నిర్మల మిషను ముందు కూర్చుంది గాని కాలు ఆడలేదు. ఆ పూట కుట్టుపని తొందరలో ఉన్న మాట నిజం. నిజంగా చెయ్యి పెట్టి చూశానా? తలచుకున్నకొద్దీ తన మీద తనకే నమ్మకం సడలిపోసాగింది. జాకెట్లు ఇచ్చిన ఆడవాళ్లు గుమ్మం బయటే నిలబడి తీసుకుని వెళ్లిపోయేవారు.

వారం తిరక్కుండా ఫోను మోగింది.

"వదినా," అవతల జాయ్సీ. "నేను తడిగుడ్డతో తుడవడమే గాని నీళ్లే పోయలేదు. చేతుల మీద, చంకల్లో కొత్తవి లేచాయి. నోట్లో కూడా పుళ్లే. ఏం తినడం లేదు."

నిర్మల ఎత్తిపొడవలేదు. "నాన్నను సిద్ధం చెయ్యి. వస్తున్నా. ఏలూరు తీసుకెళదాం" అంది.

ఏలూరులో చర్మవైద్యురాలు చంద్రకళ బొబ్బల్ని తేరిపార చూసి, ముందు దురద వచ్చిందా అని అడిగింది. పక్షవాతం సంగతి అడిగింది. చర్మం ముక్క తీసి పరీక్షకు పంపింది. ఫలితం వచ్చాక ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది.

"మనల్ని కాపాడాల్సిన రక్షణశక్తే దారితప్పి, పైచర్మాన్ని పట్టి ఉంచే పొర మీద పడిందమ్మా. పెద్దవయసులో వస్తుంది. పక్షవాతం, మతిమరుపు లాంటివి ఉన్నవాళ్లలో ఎక్కువగా చూస్తాం. అంటుకోదు. పుళ్లు చీముపట్టకుండా చూసుకోవాలి, అదే ప్రమాదం."

"నీళ్ల వల్ల కాదాండీ?" జాయ్సీ అడిగింది.

"కాదు. ఇవి కాలిన బొబ్బలు కావు."

నిర్మల కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది.

ఆ తర్వాతా గండాలు తప్పలేదు. డాక్టరు రాసిన మాత్రలకు షుగరు పెరిగింది. ఒక పుండు చీముపట్టి జ్వరం ముంచుకొచ్చి, ఈ రాత్రి గడుస్తుందా అన్నంత భయపెట్టింది. జాయ్సీ ఇంట్లోనే ఇద్దరూ వంతులవారీగా మందు రాశారు. వానలు పడేనాటికి కొత్త బొబ్బలు ఆగాయి. గోధుమరంగు మచ్చలు మిగిలాయి.

ఆయన్ని గణపవరం తెచ్చిన రోజు జాయ్సీ, "నన్ను క్షమించు వదినా" అంది.

"నాతో కాదు. వీధివాళ్లందరి ముందూ అన్నావు. వాళ్లకు చెప్పు."

జాయ్సీ ముఖం ఎర్రబడింది. అయినా చెప్పులేసుకుని బయల్దేరింది. ఇంటింటికీ వెళ్లి చెప్పింది. కొందరు అయ్యో పాపం అన్నారు. కొందరు "అలాగా" అని ఊరుకున్నారు. లోపల నిర్మల మాత్రం మామగారిని నెమ్మదిగా పక్కకి తిప్పి, వీపుకి మందు రాస్తూ, ఆ పూట చేపలబజారు కబుర్లు చెబుతోంది.