సికాడాల వేసవిలో మా వాణి అక్క

నిన్న పొద్దున ఆఫీస్ కాల్‌లో ఉండగా వాణి అక్క భర్త, మా బావగారి మెసేజ్.
"వాణి ఇక లేదమ్మా. నిద్రలోనే."

మ్యూట్ చేసుకోవడం కూడా మర్చిపోయి ఏడ్చేశాను. టీమ్ అంతా విన్నారు. విననీ.

మొన్న సాయంత్రం గోంగూర మొక్కలకి నీళ్ళు పోస్తూ నాకు చెయ్యి ఊపిన మనిషి. ఇంకా నమ్మకం కుదరట్లేదు.

హెర్న్‌డన్‌లో మాకు రెండిళ్ళ అవతలే ఉండేది వాణి అక్క. సొంత అక్క కాదు. కానీ ఈ పరాయి దేశంలో నాకు అక్క అంటే ఆవిడే.

అక్కది భీమవరం. మా అమ్మాయి ఆద్యకి రొయ్య పడదని తెలిసిన రోజు నుంచి తన ఇంట్లో రొయ్యలు వండటం మానేసింది. భీమవరం మనిషి రొయ్యలు మానేయడమంటే మాటలా?

అలర్జీ ముదిరితే వెంటనే తొడకి పొడవాలని డాక్టర్ రాసిచ్చిన ఎపిపెన్ ఇంజెక్షన్‌ని నేను దేవుడి షెల్ఫ్‌లో పెట్టాను. ఇంట్లో పిల్ల చెయ్యి పెట్టని చోటు అదొక్కటే. "కుంకుమ భరిణె పక్కన ఇంజెక్షనా? దీనికి కూడా రోజూ హారతి ఇస్తున్నావా?" అని అక్క తెగ ఏడిపించేది.

తర్వాత సికాడాల వేసవి వచ్చింది.

పదిహేడేళ్ళు నేల కింద ఉండి అన్నీ ఒక్కసారిగా పైకొస్తాయవి. చెట్లు, డెక్, స్ట్రోలర్, ఎక్కడ చూసినా ఎర్ర కళ్ళ పురుగులే. ఆ రొదలో పక్కవాళ్ళ మాట వినపడదు. ఆద్యకి అప్పుడు నాలుగేళ్ళు. భయపడుతుందనుకున్నా. అదేమో వాటికి పేర్లు పెట్టి ఫ్రాక్ మీద పాకించుకుంటూ తిరిగింది.

కుట్టవు, కరవవు అని ప్రీస్కూల్ టీచర్ కూడా చెప్పింది. సరే అని వదిలేశాను. తింటుందని ఎవరనుకుంటారు?

ఒక మధ్యాహ్నం అక్కా నేనూ మా ఇంటి వెనక డెక్ మీద టీ తాగుతున్నాం. ఆద్య దగ్గుతూ వచ్చింది.

"మమ్మీ, బాబీని ఈట్ చేశా."

బాబీ అంటే ఒక సికాడా. ముందు నవ్వొచ్చింది. అంతలోనే దాని పెదాలు ఉబ్బిపోయాయి. గొంతులోంచి ఈల లాంటి చప్పుడు.

నేను దాని నోట్లో వేలు పెట్టి రెక్కల ముక్కలు తీస్తూ, చెట్టుకి కొట్టిన మందేమో, విషమేమో అని అరుస్తున్నా. అంబులెన్స్ కోసం 911కి ఫోన్ చేస్తే ఆ రొదలో నా మాట వాళ్ళకి వినపడట్లేదు.

అక్క లోపలికి పరిగెత్తింది. ఎవరింటికెళ్ళినా గుమ్మంలోనే చెప్పులు విప్పే మనిషి, ఆ మట్టి చెప్పులతోనే నేరుగా దేవుడి దగ్గరికెళ్ళి ఎపిపెన్ తెచ్చింది.

నేను చెయ్యి అడ్డం పెట్టాను. "అక్కా, అది తిన్నది రొయ్య కాదు. పురుగు."

"పెదాలు చూడు, రొయ్యకి ఉబ్బినట్టే ఉన్నాయి. కారణం తర్వాత చూద్దాం. ముందు పిల్ల కాళ్ళు పట్టుకో."

అక్క ప్రొడక్షన్ సపోర్ట్ లీడ్, కంపెనీ సిస్టమ్స్ ఆగిపోతే చూసే టీమ్‌కి పెద్ద. ఆఫీస్‌లోనూ అదే మాట. ముందు సిస్టమ్ లేపు, కారణం తర్వాత.

పట్టుకున్నాను. లెగ్గింగ్స్ మీద నుంచే తొడకి ఇంజెక్షన్ ఇచ్చేసింది. ఎంతసేపటికీ ఏమీ కాలేదనిపించింది. తర్వాత ఆద్య కేక పెట్టింది. ఏడుస్తోందంటే ఊపిరి ఆడుతోందన్నమాట. అంబులెన్స్ వచ్చేదాకా ఆ ఏడుపు వింటూనే కూర్చున్నాను.

ఎమర్జెన్సీలో డాక్టర్ చెప్పింది, సికాడాలు రొయ్యలకి చుట్టాలేనట. రొయ్య పడనివాళ్ళు వాటిని తినకూడదట. సాంబార్ పొడి ప్యాకెట్ని కూడా అనుమానంగా చదివే నాకు, పెరట్లో పాకేవి రొయ్యల చుట్టాలని ఎలా తెలుస్తుంది?

ఇంటికొచ్చేసరికి అక్క దేవుడి ముందు నేలంతా తుడిచి దీపం పెట్టింది. "చెప్పులతో వచ్చానని సారీ చెప్పేశాన్లే" అంది. అప్పుడు మొదలైంది ఆవిడకి వణుకు. నేనే పట్టుకుని కూర్చోబెట్టాను.

నిన్నటి నుంచి మన ఫ్రెండ్స్ గ్రూప్‌లో ఒకటే ప్రశ్నలు. ఎలా జరిగింది, బీపీ ఉందా, చెకప్ చేయించుకుందా అని. దయచేసి బావగారిని ఇవన్నీ అడక్కండి. కారణం తర్వాత. ముందు వెళ్ళి ఆయన పక్కన కూర్చోండి.

నిన్న స్కూల్ నుంచి వచ్చాక ఆద్యకి చెప్పాను. అది నేరుగా దేవుడి షెల్ఫ్ దగ్గరికెళ్ళి ఎపిపెన్ తీసి చేతిలో పట్టుకుంది.

"మమ్మీ, వాణి ఆంటీకి ఎవరూ షాట్ ఇవ్వలేదా?"



అక్కా, నువ్వు ఊపిరి పోసిన పిల్ల ఇవాళ నీ గోంగూరకి నీళ్ళు పోసింది.
ఇంక నువ్వు ఎవరి కోసమూ పరిగెత్తక్కర్లేదు. ప్రశాంతంగా ఉండు.