మా కోచ్ డెక్లన్

ఇవాళ ములింగార్ ఊళ్ళో మా అమ్మాయి ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్తే, తడిసిన గడ్డి మీదుగా నొప్పుల మందు వాసన ఘాటుగా తగిలింది. వెంటనే వానలో మైదానం అంచు గీత పక్కన నిలబడ్డ డెక్లన్ గుర్తొచ్చారు. ఆయన మా కాలేజీ అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టుకి కోచ్. ఈ దేశపు అలవాటు కొద్దీ పేరు పెట్టే పిలిచేవాళ్ళం.

జట్టులో తెలుగుదాన్ని నేనొక్కదాన్నే. నా చదువు పాడవుతుందని అమ్మ బెంగపడితే ఆయనే మా ఇంటికొచ్చారు. ఉప్మా మళ్ళీ అడిగి పెట్టించుకుని, "పరీక్షలప్పుడు నేనే ఆడనివ్వను" అన్నారు. అన్నమాట నిలబెట్టుకున్నారు కూడా. బంతి పోగొట్టినవాళ్ళ మీద అరవడం ఆయనకి చేతకాదు. "పర్లేదు, పరిగెత్తు" అనేవారంతే.

ఆ ఏడు మొదటిసారి ఫైనల్‌కి చేరాం. కప్పు రాకపోతే కొత్త కోచ్‌ని చూసుకుంటామని కాలేజీ క్రీడల అధికారిణి ఆయనకి ముందే చెప్పేసిందట. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది. ఆట సమంగా సాగుతుండగా ఎవరిదో మోచెయ్యి నా కణతకి బలంగా తగిలింది. లేచి, నాకేం కాలేదన్నట్టు ఇక్కడివాళ్ళలా "ఐయామ్ గ్రాండ్" అన్నాను. ఆయన నా కళ్ళలోకి చూశారు.

"మనం ఎవరితో ఆడుతున్నాం?"

ఆ కాలేజీ పేరు నోటికి రాలేదు.

"బయటికి వచ్చి కూర్చో."

"నేను లేకపోతే ఓడిపోతాం!"

"ఓడిపోతే ఓడిపోదాం. మీ అమ్మకి నేను జవాబు చెప్పుకోవాలి."

ఒక్క గోల్ తేడాతో ఓడిపోయాం. ఇంకో దెబ్బ తగిలుంటే నా పరిస్థితి ఏమయ్యేదో చెప్పలేనంది ఆస్పత్రిలో డాక్టరు.

నెల తిరక్కుండానే ఆయన్ని పంపించేశారు. మేమంతా కలిసి అధికారిణి గదికి వెళ్ళాం. డాక్టరు అన్న మాట చెప్పాను. ఆమె అంతా విని, "చాలా మంచి మనిషి. కానీ ఫలితాలు కూడా చూడాలి కదా" అంది. మరుసటి ఏడు కొత్త కోచ్, మడమ వాచిన అమ్మాయిని కట్టు కట్టి మరీ ఆడించి కప్పు తెచ్చాడు. ఆ అమ్మాయి మళ్ళీ ఆడలేదు. అతను మాత్రం ఇంకా అక్కడే ఉన్నాడు.

చాలా ఏళ్ళకి షానన్ విమానాశ్రయంలో సామాన్ల బళ్ళు తోస్తూ డెక్లన్ కనిపించారు. "నీ తలెలా ఉంది?" అన్నారు నన్ను చూడగానే.

"మళ్ళీ ఎక్కడైనా నేర్పుతున్నారా?"

"ఎవరూ పిలవలేదు" అని నవ్వబోయి, నవ్వలేకపోయారు.

ఇప్పుడు చెర్రీవుడ్‌లోని ఒక ఆఫీసులో నా కింద కొంతమంది పనిచేస్తున్నారు. ఎవర్ని ఉంచాలో, ఎవర్ని పంపాలో తేల్చేటప్పుడు పైవాళ్ళు అంకెలే అడుగుతారు. ఎవరు ఎవరికోసం ఏం వదులుకున్నారో నేను చెప్తాను. ఇంతవరకూ ఒక్కరి ఉద్యోగాన్నీ నిలబెట్టలేకపోయాను. అయినా చెప్పకుండా ఆ గదిలోంచి లేచి రాలేను.